డాక్టరుగారి లాకులు

బుకిట్ బటోక్, సింగపూర్
2 జులై 2000, ఆదివారం

మావయ్యా,

నమస్కారాలు తర్వాత. ముందు ఒక ప్రశ్న. మన తాతయ్య ఎప్పుడైనా జర్మనీకి గడ్డి పంపారా?

నవ్వకండి. కూర్చుని చదవండి, అత్తయ్యను కూడా పిలవండి. నాలుగు రోజులుగా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

కిందటేడంతా మేం కంప్యూటర్లలో తేదీల సున్నాలు సరిచేస్తూ బతికాం కదా. జనవరి ఒకటిన ఏ ప్రళయమూ రాలేదు, మా ఉద్యోగాలు ఊడతాయనుకున్నాం. ఇప్పుడు చూస్తే ఊళ్ళో ప్రతివాడికీ వెబ్‌సైటు కావాలి. మా వీధి చివర బేకరీకి కూడా కావాలట. మా బాసు పదహారు మందిని కొత్తగా చేర్చుకున్నాడు. మనుషులు వచ్చేశారు గానీ కుర్చీలు ఇంకా రాలేదు.

నా వంతుకు జర్మనీలోని ఐఖెన్‌బర్గ్ యూనివర్సిటీ పని పడింది. సెప్టెంబరు రెండున వాళ్ళు సింగపూర్‌లో పెద్ద సభ పెడుతున్నారు. ఆ రోజు వాళ్ళ ఘనుల జాబితా ఇంటర్‌నెట్‌లోకి ఎక్కాలి. మూడు వందల ఏళ్ళ పేర్లు, మొత్తం ఆరు వందల పన్నెండు. నక్షత్రాల బరువు కట్టిన ఆయన ఉన్నాడు. తలుపు వెనక నిలబడి పాఠాలు విని, చివరికి అదే గదిలో లెక్కల ప్రొఫెసరైన ఆవిడ ఉంది. ఒక బిషప్పు, ఒక దేశాధ్యక్షుడు, నాటకాల్లో పాడే ఒక లావుపాటి ఆయన కూడా ఉన్నారు. టైపు చేస్తూ చేస్తూ నాకు వీళ్ళంతా మన చుట్టాల్లా అనిపిస్తున్నారు.

అందులో యాభై పేర్ల పక్కన ఎర్ర గుర్తు ఉంది. వీళ్ళ ఆచూకీ ఎవరికీ తెలియదు. ఆగస్టు ఇరవై ఐదులోగా తెలియకపోతే ఆ పేర్లు తీసేయాలి. మొన్న గురువారం వాటిని ఒక్కొక్కటే చూసుకుంటూ ఒక వరస దగ్గర ఆగిపోయాను. "రావ్, వి. జె. – ఇండియా – 1959." ఆ పక్కన వృత్తి అన్నచోట ఏదో జర్మన్ మాట.

నా పక్క సీటు అద్నాన్‌ది. హైదరాబాదు అబ్బాయి, అక్కడ రెండేళ్ళు జర్మన్ నేర్చుకున్నాడు. చూసి, "తాళాల సార్ అన్నట్టుంది" అన్నాడు. నేను ముందుకు పోబోయాను. వాడే మళ్ళీ, "ఆగు ఆగు, తాళం కాదు గిది. కాలువల పడవలు పోతయ్ చూడు, నీళ్ళు ఆపే గేట్లు ఉంటయ్, గా లాకు. లాకుల మీద పెద్ద సార్" అన్నాడు.

గోదావరి కాలువ మీద లాకు మాస్టరు వి. జనార్ధనరావు ఎంతమంది ఉంటారు మావయ్యా? తాతయ్య పోస్టులో జర్మనీకి గడ్డి కట్టలు పంపేవారని అమ్మ నవ్వుతూ చెప్పేది. నేను అవన్నీ అమ్మ కల్పించి చెబుతోందనుకున్నాను.

ఇక్కడ తిండి హోటళ్ళలో ఒక పద్ధతుంది. ఖాళీ బల్ల కనిపిస్తే దాని మీద టిష్యూ కాగితాల పొట్లం పెట్టి వెళ్ళి తిండి తెచ్చుకుంటారు. దాన్ని 'చోప్' చేయడం అంటారు. ఇక ఆ బల్ల జోలికి ఎవరూ రారు. నేను తాతయ్య వరసను చోప్ చేసి పెట్టాను. ఆయన ఉన్నారని, ఈ పేరు ఆయనదేనని ఏదైనా రుజువు పంపండి. ఆ పేజీ అచ్చు తీసి జత చేస్తున్నాను.

ఫోను చేద్దామంటే మీరు బూత్‌లో అందరి ముందూ అరవాలి, తాతయ్యకేమో వినపడదు. అందుకే ఉత్తరం.

ఆగలేక ఆగుతున్న
మీ మేనకోడలు
రజిత


ఏలూరు
13 జులై 2000

చిరంజీవి రజితకు,

నీ ఉత్తరం పదకొండో తేదీన అందింది. జత చేసిన కాగితమూ అందింది. అందకపోయినా బావుండేది.

నువ్వు చదువుకున్నదానివి, పెద్ద పట్నంలో ఉన్నదానివి. నీ చేతిలో కాగితాన్ని ఒకసారి పూర్తిగా చూసుకోవాలి కదా. పేరు ముందు ఏముంది? 'డా. హెచ్.సి.' అని ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా పోలీసు ఆఫీసులో హెచ్.సి., పి.సి. అని టైపు కొడుతున్నవాడిని. హెచ్.సి. అంటే హెడ్ కానిస్టేబులని నాకు ఒకరు చెప్పాలా?

ఆ సంగతి జర్మనీ దాకా ఎవరు మోశారో నాకు తెలియదు. లాకులపాలెంలో మమ్మల్ని 'డాక్టర్ హెడ్ కానిస్టేబుల్' అని ఏడిపించినవాళ్ళు సగం మంది పోయారు. మిగతావాళ్ళు మర్చిపోయారు. ఇప్పుడు నువ్వు దాన్ని తీసుకెళ్ళి ప్రపంచమంతా చూసేచోట పెడతానంటున్నావు, పైగా ఎవరూ కూర్చోకుండా చోటు ఆపి మరీ పెడతానంటున్నావు. ఆ కేసు అప్పుడే ముగిసిపోయింది. కాగితం రాసిచ్చి ముగించాం. అంతకంటే నేను రాయను.

నేను వచ్చే నెలాఖరున రిటైరవుతున్నాను. నాకు గోడ గడియారం ఇవ్వాలా, పడక కుర్చీ ఇవ్వాలా అని ఆఫీసులో రెండు జట్లుగా విడిపోయి వాదించుకుంటున్నారు. నన్ను మాత్రం ఎవరూ అడగడం లేదు. సుధాకరరావు అనే కుర్రగుమస్తా నా మీద పద్యం రాస్తున్నాడట. ఇంత గౌరవంగా ఇంటికి వెళ్ళబోయే వేళ ఈ పాత ముల్లు మళ్ళీ గుచ్చుకోవాలా?

నాన్నకు ఈ కాగితం చూపించలేదు, చూపించను. ఆయన పొద్దున్నే పెరట్లో కూర్చుని గరిక పీకుతున్నారు. ఎనభై ఐదేళ్ళొచ్చినా ఆ అలవాటు పోలేదు. మీ అత్తయ్య ఏం పీకుతున్నారు మావయ్యా అంటే, గడ్డి పీకుతున్నానమ్మా అంటారు. ఊరంతా ఒకప్పుడు ఆయన్ని అడిగి నవ్వుకున్న మాటే అది.

ఆ వరస తక్షణం తీసేయించు. ఇది మావయ్య మాటగా తీసుకో.

ఇట్లు
వి. సాంబశివరావు
సూపరింటెండెంటు


బుకిట్ బటోక్
23 జులై 2000, ఆదివారం

మావయ్యా,

మీ ఉత్తరం శుక్రవారం అందింది. మీ మాట కాదనలేదు. అప్పటికప్పుడు ఆఫీసుకు వెళ్ళి తాతయ్య వరస తీసేశాను. తీసేసి, ముఖం కడుక్కుని వచ్చాను. తాతయ్య ఒకప్పుడు హెడ్ కానిస్టేబులుగా పనిచేశారని, అక్కడేదో గొడవ జరిగిందని, అమ్మ నాకు చెప్పకుండా దాచిందని అనుకున్నాను. నిన్న సగం రోజు అలాగే నమ్మాను.

మధ్యాహ్నం మిగతా జాబితా ఎక్కిస్తుంటే బిషప్పు వచ్చాడు. ఆయన పేరు ముందు కూడా హెచ్.సి. ఆ తర్వాత దేశాధ్యక్షుడు, ఆయనా హెచ్.సి. పాటల లావుపాటి ఆయన కూడా హెచ్.సి. లెక్కపెడితే అరవై మూడు మంది తేలారు. అద్నాన్‌ను అడిగాను, జర్మనీలో ఇంతమంది పెద్దవాళ్ళు హెడ్ కానిస్టేబుళ్ళుగా ఎందుకు పనిచేశారని. వాడు తాగుతున్న కాఫీ కీబోర్డు మీద పోసుకున్నాడు. పది నిమిషాలు నవ్వి, "అరే రజితా, మీ మామను పరేషాన్ కావద్దను. అది లాటిన్" అన్నాడు.

మావయ్యా, హెచ్.సి. అంటే 'హోనోరిస్ కాజా'. గౌరవార్థం అని. పరీక్ష రాయకుండా, చేసిన పనిని చూసి యూనివర్సిటీ తనంతట తాను పిలిచి ఇచ్చే డాక్టరేట్. తాతయ్య డాక్టరు మావయ్యా. నిజం డాక్టరు. పోలీసు కాదు.

వెంటనే జర్మనీలో పాత రికార్డులు చూసే మేడమ్‌కు ఈమెయిల్ పెట్టాను. ఇవాళ ఆదివారమైనా జవాబిచ్చింది. తాతయ్య 1936 నుంచి యుద్ధం వచ్చేదాకా అక్కడి ఒక ప్రొఫెసరుకు కాలువ గట్ల గడ్డి, తుంగ ఎండబెట్టి పంపారు. 1944లో బాంబులు పడి ఆ యూనివర్సిటీ ఎండు మొక్కల భండారమంతా కాలిపోయింది. రెండు వందల ఏళ్ళ సేకరణ ఒక్క పూటలో బూడిద. యుద్ధం అయ్యాక ఆ ప్రొఫెసరు, ఉన్నదంతా పోయిందని తాతయ్యకు ఉత్తరం రాశాడు. అయితే తాతయ్య ప్రతి మొక్కనూ రెండు కోసేవారట. ఒకటి వాళ్ళకు, ఒకటి తన దగ్గర. యుద్ధమప్పుడు కూడా కోయడం ఆపలేదు. 1947లో మూడు వందల పదకొండు మొక్కలు, బిస్కెట్ డబ్బాల్లో, లాకుల నుంచి జర్మనీకి వెళ్ళాయి. కాలిపోయిన గదిలో మళ్ళీ మొదట చేరినవి అవేనట. "మా కొత్త భండారం మీ తాతగారి గడ్డితో మొదలైంది" అని రాసిందావిడ. పన్నెండేళ్ళు పరిశీలించి, 1959లో ఆయన్ని డాక్టర్ని చేశారు.

కానీ నేను వరస తీసేశాను. తీసేసిన పేరు మళ్ళీ ఎక్కించాలంటే రుజువు తప్పదట. వాళ్ళ దగ్గర తాతయ్య పాత ఉత్తరాల మీద సంతకాలున్నాయి. డాక్టరేట్ పత్రమైనా కావాలి, లేకపోతే ఆ రోజుల నాటి ఆయన సంతకం ఇంకోటైనా కావాలి. ముప్పై మూడు రోజులుంది. తాతయ్యను అడగండి.

ఇంతకీ ఆ కేసేమిటి మావయ్యా?

మీ
రజిత


ఏలూరు
2 ఆగస్టు 2000

రజితా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చదివాను. తర్వాత సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాను. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒంట్లో బాగుండి సెలవు పెట్టడం ఇదే మొదలు.

నాన్నతో ఏదైనా మాట్లాడాలంటే మనవళ్ళ పలక మీద రాసి చూపిస్తాం. దాని మీద h.c. అని రాసి ఆయన ముందు పెట్టాను.

"ఎవరు చెప్పేర్రా నీకు?" అన్నారు.

నీ పేరు రాశాను. సింగపూరని రాశాను. జాబితా సంగతీ రాశాను.

"హోనోరిస్ కాజా" అన్నారు నాన్న, స్పష్టంగా. "గౌరవానికి ఇచ్చింది. ఆ హెడ్డుకి కూడా అదే చెప్పేన్రా. ఆడికి ఇంగ్లీషే రాదు, లాటినేం తెలుస్తది."

ఇప్పుడు కేసు సంగతి రాస్తాను. నీకు చెప్పకపోతే ఇంకెవరికీ చెప్పలేను.

1935లో ఒక జర్మన్ ప్రొఫెసరు మన కాలువలో పడవ మీద వచ్చాడు. లాకులో నీళ్ళు నిండేదాకా పడవ ఆగాలి. ఆ అరగంటలో ఆయన గట్టెక్కి ఒక గడ్డిపరక తెంపి, దీని పేరేమిటని నాన్నను అడిగాడు. నాన్న పేరు చెప్పి, పక్కనున్న ఇంకో నాలుగింటి పేర్లూ చెప్పారు. అక్కడ మొదలైంది. 1959లో పట్టా పోస్టులో వచ్చింది. అంతా లాటినే. ఊళ్ళో పోస్టుమాస్టరు నుంచి హెడ్మాస్టరు దాకా ఒక్కరికీ అర్థం కాలేదు. మా దేశంలో ఇలాంటి గౌరవం వచ్చినవాళ్ళు తలుపు మీద రాసుకుంటారని ప్రొఫెసరు రాశాడట. నాన్న పాత లాకు తలుపు చెక్క ఒకటి నున్నగా చేసి, 'డా. హెచ్.సి., వి. జనార్ధనరావు' అని రంగుతో రాసి క్వార్టరు ముందు కొట్టుకున్నారు.

ఇక చూసుకో. పడవలవాళ్ళు జ్వరాలతో వచ్చేవారు. నాన్న నేను గడ్డి డాక్టర్నయ్యా అని చెప్పి పంపించేసేవారు. వాళ్ళు ఊళ్ళోకి వెళ్ళి నవ్వుకునేవారు. నేను కాలేజీకి వెళ్తుంటే 'డాక్టరుగారబ్బాయి వస్తున్నాడహో' అని అరిచేవారు. ఆ మాట అన్నవాళ్ళలో ఇద్దరితో కొట్లాట కూడా పెట్టుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోయేది. వాళ్ళ మీదనుకునేవాణ్ణి. నాన్న మీదని ఇప్పుడు తెలుస్తోంది.

1962లో ఎవరో దొంగ డాక్టరని అర్జీ పెట్టారు. హెడ్ కానిస్టేబులు వచ్చి బోర్డు చూసి, "డాక్టరంటే డాక్టరు, మళ్ళీ హెచ్.సి. కూడా నువ్వేనా? నేనిక్కడ ఉండగా ఇంకో హెచ్.సి. ఎవడయ్యా?" అని చెక్క ఊడబీకి పట్టుకెళ్ళాడు. సరిగ్గా ఆ నెలలోనే నాకు పోలీసు ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చింది. ఇంటి మీద కేసేమైనా ఉందా అని విచారణ జరుగుతోంది. కేసుంటే ఉద్యోగం లేదు. స్టేషనులో వాళ్ళు, ఒక కాగితం రాసిచ్చేయండి, వదిలేస్తాం అన్నారు.

ఆ కాగితం రాసింది నేను. నా దస్తూరి బావుంటుందని నాన్నే నాకిచ్చారు. 'నేను డాక్టరును కాను. ఇకపై డాక్టరునని రాసుకోను, చెప్పుకోను' అని నా చేత్తో రాసి, నాన్న ముందు పెట్టి, సంతకం పెట్టండి అన్నాను. నేను రాసింది అబద్ధమా అని ఆయన్ని ఒక్క మాట కూడా అడగలేదు. ఆయన నా ముఖం చూసి సంతకం పెట్టేశారు. అంతే, ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ మాట మా ఇంట్లో లేదు.

నువ్వడిగిన పట్టా 86 వరదల్లో పెట్టెతో సహా పోయింది. ప్రొఫెసరు ఉత్తరాలూ పోయాయి. కొత్తగా ఒక సంతకం పెట్టమని అడిగాను. చెయ్యి వణుకుతుంది, పోలిక దొరకదు, అయినా పెట్టమన్నాను. నాన్న కలం పక్కన పెట్టేశారు.

"రాసిచ్చేం కదరా, డాక్టర్ని కానని. ఆ కాగితం ఉండగా మళ్ళీ నేనెలా అవుతానూ?" అన్నారు. "పోన్లే, గడ్డి ఉంది కదా అక్కడ. అది చాలు."

ఆయన మాట మీద ఉన్నారు రజితా. మాట తప్పించిన వాణ్ణి నేను. దీన్ని ఎలా సరిచేయాలో నాకు తోచడం లేదు.

మావయ్య


బుకిట్ బటోక్
12 ఆగస్టు 2000

మావయ్యా,

మీ ఉత్తరం రైల్లో చదువుతూ దిగాల్సిన స్టేషను దాటి రెండు స్టేషన్లు పోయాను. మిమ్మల్ని ఒక్క మాట కూడా అనను. ఇరవై ఏళ్ళ వయసులో ఉద్యోగం చేతికొచ్చి జారిపోతుంటే నేనైనా అదే రాసేదాన్ని. కానీ కాగితం అడ్డమంటే ఆ కాగితం ఎక్కడుందో వెతకాలి కదా. పోలీసు ఆఫీసులో కాగితాలు చావవని మీరే చెప్పేవారు. మీ చేతిలో ఇంకా పంతొమ్మిది రోజుల ఉద్యోగం ఉంది.

మొన్న ఆదివారం లిటిల్ ఇండియాకు కూరలకు వెళ్ళాను. అక్కడ కూరగాయల కొట్టు ముందు మన గోదావరి యాస వినిపించి ఆగాను. పేరు రామన్న, తువాస్‌లో ఓడల పని, వెల్డరు. ఏ ఊరని అడిగితే లాకులపాలెం పక్క ఊరే. మా తాతయ్య ఒకప్పుడు అక్కడ లాకుల మీద పనిచేశారన్నాను.

"ఏ లాకులండి? డాక్టరుగారి లాకులా?" అన్నాడు.

మళ్ళీ చెప్పించుకున్నాను.

"అవునండి, మా వైపు అలాగే అంటారండి. బస్సు కండక్టరు కూడా డాక్టరుగారి లాకులని టికెట్టు కొడతాడండి. ఎవరో పెద్ద డాక్టరు ఉండేవారంటండి అప్పట్లో. నాకైతే తెలీదండి, మా నాన్న అనేవోడు."

మావయ్యా, మీరు కాగితం రాసిచ్చారు, తాతయ్య సంతకం పెట్టారు, హెడ్ బోర్డు పీక్కుపోయాడు. ఊరు మాత్రం ఆ పేరు వదల్లేదు. మొదట ఎగతాళికే అని ఉంటారు. ఇప్పుడు రామన్న ఎగతాళిగా అనలేదు. కూరగాయల సంచీ కింద పెట్టి మరీ చెప్పాడు.

అద్నాన్, నేను కలిసి మా మేనేజరును పట్టుకుని గడువు చివరి గంటదాకా తాతయ్య వరస ఖాళీగా ఉంచడానికి ఒప్పించాం. పక్కన నేను మళ్ళీ చోప్ అని రాసి పెట్టాను. ఆఫీసు ఫ్యాక్సు నంబరు వెనక రాశాను. ఇరవై ఐదో తేదీ సాయంత్రం అయిదు.

రజిత


ఏలూరు
22 ఆగస్టు 2000

చిరంజీవి రజితకు,

ఇందాకే ఫ్యాక్సు పంపాను. ఎదురుగా జిరాక్సు షాపులో, ఆ యంత్రం కాగితాన్ని మింగి బయటికి కక్కేదాకా చెయ్యి తీయకుండా నిలబడ్డాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది, అయినా రాస్తున్నాను. రాయకుండా ఉండలేను.

నిన్న నా పెన్షను కాగితాలు తయారుచేయడానికి సుధాకరరావు నా సర్వీసు రిజిస్టరు దుమ్ము దులిపాడు. ఉద్యోగంలో చేరినప్పటి విచారణ నివేదిక మొదటి పేజీ వెనక పిన్ను చేసి ఉంది. దాని వెనక ఇంకో కాగితం. "ఏంటండీ ఇది, డాక్టరు కాదంట ఎవరో" అని నా బల్ల మీద పెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ళు అది నా రిజిస్టరులోనే, నా బల్లకు నాలుగడుగుల దూరంలో ఉంది.

నా దస్తూరే. గుండ్రంగా, అందంగా, సిగ్గు లేకుండా ఉంది. 'నేను డాక్టరును కాను.' కింద హెడ్ కానిస్టేబులు సంతకం, హెచ్.సి. 214 అని. దానికి పైన నాన్న సంతకం. ఇంగ్లీషులో, నిటారుగా. వి. జనార్ధనరావు. ఆ తర్వాత కామా పెట్టి, చిన్న అక్షరాలతో, h.c.

ఆయన సంతకం పెట్టేటప్పుడు నేను చూడలేదు రజితా. నేను గుమ్మం వైపు చూస్తున్నాను, ఎవరైనా వస్తున్నారేమోనని. ఆ రెండక్షరాలు చూసిన ప్రతి ఆఫీసరూ కింద ఉన్న హెడ్డు తాలూకువే అనుకుని ఉంటాడు. నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి.

కాగితం పట్టుకుని సైకిలు మీద ఇంటికి వెళ్ళాను. నాన్న పెరట్లో ఉన్నారు. ఆ సంతకం మీద వేలు పెట్టి చూపించాను. పలక అవసరం లేకపోయింది.

నాన్న కళ్ళజోడు సర్దుకుని చదివారు. నవ్వారు. "అప్పుడు నీ అక్షరం ఎంత బావుండేదిరా" అన్నారు.

ఇదెందుకు పెట్టారు నాన్నా అన్నాను, ఆయన చెవిలో.

"డాక్టర్ని కానని రాసేవు. సరే, నీ ఉద్యోగం కోసం ఒప్పుకున్నాను. గౌరవం లేదని రాయలేదు కదరా నువ్వు" అన్నారు.

నేను అక్కడే ఆ గడ్డిలో కూర్చుండిపోయాను. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి, మీ అత్తయ్య చూస్తుండగా ఏడ్చాను. నాన్న నా తల మీద మట్టి చెయ్యి పెట్టారు. మట్టి అంటుతుందని కూడా చూడలేదు.

ఆ తర్వాత కాగితాన్ని మా ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కుర్రవాడు, నా కొడుకు వయసు. లేచి నిలబడి విన్నాడు. ఆ కాగితం మీద అడ్డంగా గీత గీసి, 'పొరపాటున తీసుకొనబడినది, రద్దు' అని రాసి తేదీ వేశాడు. దాన్ని కూడా నాన్నకు చూపించాను. అప్పుడు కలం అడిగారు. కొత్త సంతకం, వంకరటింకరగా ఉన్నా, రెండో ఫ్యాక్సులో ఉంది.

పోలిక కుదురుతుందా రజితా? ఏమైందో తెలిసేదాకా నాకు అన్నం దిగదు.

మావయ్య


బుకిట్ బటోక్
3 సెప్టెంబరు 2000, ఆదివారం

మావయ్యా,

అన్నం తినండి. టెలిగ్రాం అందే ఉంటుంది, అయినా నా నోటితో చెప్పాలి. కుదిరింది. మీ ఫ్యాక్సు చూసిన గంటలో జర్మనీ మేడమ్ జవాబిచ్చింది. సంతకం ఒక్కటే కాదు, ఆ కామా, ఆ చిన్న అక్షరాలు కూడా 1959 తర్వాత ఆయన రాసిన ప్రతి ఉత్తరం కింద అలాగే ఉన్నాయట. వరస నేనే ఎక్కించాను. టిష్యూ పొట్లం తీసేసి తాతయ్యను కూర్చోబెట్టాను.

నిన్న సభ. హాలు నిండా సూట్లు. పెద్ద తెర మీద పేర్లు ఒక్కొక్కటే పైకి వెళ్తున్నాయి. నక్షత్రాల ఆయన వెళ్ళాడు, లెక్కల ఆవిడ వెళ్ళింది, బిషప్పు వెళ్ళాడు. తర్వాత 'డా. హెచ్.సి., వి. జనార్ధనరావు, లాకు మాస్టరు, ఇండియా.' అద్నాన్ కుర్చీ మీద నుంచి లేచి చప్పట్లు కొట్టాడు. నేను పిలిచాను కాబట్టి రామన్న కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని తువాస్ నుంచి వచ్చాడు. మనకు అర్థం కాని ఉపన్యాసాలన్నీ కదలకుండా విన్నాడు. చివర్లో, "మా బస్టాపు పేరు గల మనిషండి" అని పక్కనున్న జర్మన్ ఆయనకు తెలుగులోనే చెప్పాడు.

ఆ మేడమ్ తాతయ్య పంపిన మొక్కల్లో అయిదింటిని పెట్టెలో తెచ్చింది. గడ్డి అలాగే ఉంది మావయ్యా, రంగు కూడా పూర్తిగా పోలేదు. ఒక్కోదాని అంచున తాతయ్య తెలుగులో ఏదో రాశారు. యాభై ఏళ్ళుగా వాటిని చదివినవాళ్ళు అక్కడ లేరట, నన్ను చదవమంది. ఊద, తుంగ, దర్భ అని ఒక్కొక్కటీ చదివాను. ఆవిడ జర్మన్‌లో రాసుకుంది.

అయిదోది గరిక. యుద్ధం రోజుల్లో కోసింది. దాని మీద పేరుతో పాటు ఇంకో వాక్యముంది. దాన్ని పైకి చదవకుండా ఒక కాగితం మీద ఎక్కించుకున్నాను. మీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

'గరిక. లాకు ఎగువ గట్టు. ఈ ఉదయం మా అబ్బాయి సాంబశివుడు పుట్టాడు. గౌరవంగా బతకాలి.'

మీ
రజిత


ఏలూరు
12 సెప్టెంబరు 2000

చిరంజీవి రజితకు,

నీ ఉత్తరంలోని ఆ చివరి వాక్యాన్ని పలక మీద రాసి నాన్నకు చూపించాను. రాసినట్టు గుర్తు లేదన్నారు. అయితే ఆ పూట గరిక బావుందని గుర్తుందన్నారు.

గడియారం, పడక కుర్చీ రెండూ ఇచ్చారు. సుధాకరరావు పద్యంలో రెండు చోట్ల యతి తప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. రిటైరైన మర్నాడు నాన్నను తీసుకుని లాకులపాలెం వెళ్ళాను. బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు నాన్నే, "డాక్టరుగారి లాకులు, రెండు టికెట్లు" అన్నారు.

గట్టు మీద నాన్న ఒక గడ్డిపరక తెంపి నా చేతిలో పెట్టి పేరడిగారు. నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కటీ నేర్చుకోలేదు. ఇప్పుడు రోజుకు ఒకటి చెబుతున్నారు, పలక మీద నేను రాసుకుంటున్నాను. ఇప్పటికి పన్నెండు వచ్చాయి.

ఇంటి ముందుకు కొత్త చెక్క చేయించాను. ఏం రాయించాలని అడిగితే నాన్న, "హెచ్.సి. వద్దురా, మళ్ళీ తీసుకెళ్ళిపోతారు" అన్నారు. నేను వినలేదు. హెచ్.సి. అనే రాయించాను, గుమ్మానికి నేనే మేకులు కొట్టాను. పొద్దున పాలవాడు చూసి, ఎవరండీ డాక్టరుగారు అని అడిగాడు. లోపలున్నారని చెప్పాను.

ఉద్యోగం లేనివాడు సంతకం కింద హోదా రాయకూడదని మీ అత్తయ్య అంటోంది. అలవాటు పోక రాస్తున్నాను.

ఇట్లు
వి. సాంబశివరావు
డాక్టరుగారబ్బాయి